శివారు కుళాయి దగ్గర్నుంచి మా పంచాయతీకి ఒక బహిరంగ లేఖ

సర్పంచ్ గారికి, వార్డు మెంబర్లకి, మన మండలం నీటి సరఫరా ఇంజనీరు గారికి నమస్కారం.

రాజోలు దీవిలో, కాలువ శివారున ఉన్న మన ఊరివాణ్ణే నేను. జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో 31 ఏళ్లు అటెండరుగా చేసి రిటైరయ్యాను. లెక్చరర్లు మారారు, సిలబస్ మారింది, పరీక్షనాళికలు కడిగింది మాత్రం నేనే. పోయిన గ్రామసభలో కరెంటుతో నీళ్లు శుద్ధి చేసే మిషన్ గురించి మాట్లాడుకున్నప్పుడు వెనక బెంచీలో కూర్చుని ఉన్నాను. లేచి రెండు ముక్కలు చెబుదామనుకున్నాను గానీ, అటెండరు మాట ఎవరు వింటారులే అనిపించి కూర్చుండిపోయాను. అదే తప్పయింది. ఆ రెండు ముక్కలూ ఇప్పుడు రాస్తున్నాను. అందరూ చదివేలా ఎందుకు రాస్తున్నానంటే, ఇందులో సగం మీకు చెప్పాల్సింది, సగం మా వీధివాళ్లకి చెప్పాల్సింది.

ముందు ఆ రోజు జరిగింది గుర్తుచేస్తాను. కంపెనీ తరఫున వచ్చిన కుర్రాడు బల్ల మీద రెండు గాజు గ్లాసులు పెట్టాడు. ఒకదాన్లో మన ట్యాంకు నీళ్లు, రెండోదాన్లో తను తెచ్చుకున్న సీసా నీళ్లు. ఒక్కో గ్లాసులో రెండేసి కడ్డీలు మునిగేలా చిన్న పరికరం ఒకటి దించి స్విచ్ వేశాడు. చూస్తుండగానే మన నీళ్లు పసుపు తిరిగాయి, తర్వాత ఆకుపచ్చగా అయ్యాయి, చివరికి తుప్పు రంగు తేలి పైన తెట్టు కట్టింది. అతని నీళ్లు మాత్రం ఎలా ఉన్నవి అలాగే తేటగా ఉన్నాయి. “ఇన్నాళ్లూ మీరు తాగింది ఇదండీ” అన్నాడు. ముందు వరసలో ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అక్కడితో సగం బేరం కుదిరిపోయింది.

ఆ తుప్పు మన నీళ్లలోది కాదండీ, ఆ కడ్డీది. ఇనప కడ్డీని నీళ్లలో పెట్టి కరెంటు పంపిస్తే ఇనుము కరిగి నీళ్లలోకి దిగుతుంది, తుప్పుగా తేలుతుంది. కరెంటు పారాలంటే నీళ్లలో లవణాలు ఉండాలి. మన నీళ్లలో ఉన్నాయి, ఏ కాలువ నీళ్లలోనైనా ఉంటాయి. అతను తెచ్చినవి ఆర్వో నీళ్లు. వాటిలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి కరెంటు పారలేదు, కడ్డీ కరగలేదు. మర్నాడు నేను ఇంట్లో పాత బైకు బ్యాటరీ, రెండు ఇనప మేకులు పెట్టుకుని చేసి చూశాను. టిన్ను నీళ్లు గ్లాసులో పోసి కరెంటు పెడితే ఏమీ కాలేదు. చిటికెడు ఉప్పు వేశాను. కాసేపటికి గ్లాసంతా చిక్కటి టీ. పక్కన కూర్చుని చూస్తున్న మనవరాలు “తాతా, ఉప్పు కుళ్లిపోయిందా?” అంది.

అంటే రంగు మారిన నీళ్లు చెడ్డవనీ కాదు, మారనివి మంచివనీ కాదు. ఆ తేట నీళ్లలో కలరా క్రిములు ఉన్నా ఆ ఆటలో తేటగానే కనబడతాయి. మన ట్యాంకు నీళ్లు శుభ్రమైనవని నేను అనడం లేదు. అవి ఎందుకు శుభ్రంగా లేవో ఆ గ్లాసు చెప్పదు, అంతే.

ఇలా అన్నానని కరెంటుతో నీళ్ల శుద్ధి అంతా బూటకం అనుకోకండి. అలా అనుకుంటే మళ్లీ ఇంకో తప్పు చేసినవాళ్లమవుతాం. నిజానికి ఇది పాత పద్ధతి, మంచి పద్ధతి. మా ల్యాబ్‌లో ఏటా చేయించేవాళ్లం. పాడైపోయిన టార్చిలైటు బ్యాటరీల్లోంచి తీసిన రెండు కర్బన కడ్డీలు, బీకరులో ఉప్పునీళ్లు, బయట బ్యాటరీ ఎలిమినేటరు. స్విచ్ వెయ్యగానే రెండు కడ్డీల మీదా బుడగలు లేస్తాయి. రుణ ధ్రువం దగ్గరవి హైడ్రోజన్. ధన ధ్రువం దగ్గరికి ముక్కు పెడితే బట్టల సోడా కాదు, బ్లీచింగ్ కాదు, ఆ రెంటికంటే ఘాటైన వాసన ఒకటి గుచ్చుకుంటుంది. అది క్లోరిన్. తడి నీలి లిట్మస్ కాగితం అక్కడ పట్టుకుంటే ముందు ఎర్రబడి, ఆనక తెల్లగా పాలిపోతుంది. పిల్లలు అది చూసి ప్రతి సంవత్సరం ‘ఓ’ అని అరిచేవాళ్లు. నేను ఆ కాగితాలు ఏరి చెత్తబుట్టలో వేసేవాణ్ణి.

అలా పుట్టిన క్లోరిన్, అక్కడే రెండో కడ్డీ దగ్గర పుట్టిన క్షారంతో కలిస్తే సోడియం హైపోక్లోరైట్ అవుతుంది. అంటే ద్రవరూపంలో ఉన్న బ్లీచింగ్ మందు. పెద్ద మిషన్లలో జరిగేదీ ఇదే. లీటరుకు 30 గ్రాముల దాకా ఉప్పు వేసిన నీళ్లలో, రుథేనియం, ఇరిడియం లాంటి లోహాల ఆక్సైడు పూత వేసిన టైటానియం రేకులు ఉంటాయి. అవి మేకుల్లా కరిగిపోవు. వచ్చే ద్రవంలో క్లోరిన్ బలం ముప్పాతిక శాతానికి (అంటే 0.75 శాతానికి) అటూ ఇటూ ఉంటుంది. దాన్ని చిన్న పంపుతో కొలతగా నీళ్లలోకి వదులుతారు.

ఖర్చు లెక్క చూద్దాం. మన ఊళ్లో నాలుగు వేల మంది అనుకోండి. జల్ జీవన్ మిషన్ చెప్పే లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. మొత్తం 2 లక్షల 20 వేల లీటర్లు. లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ వెయ్యాలంటే రోజుకు 440 గ్రాములు కావాలి. దానికి పట్టేది సుమారు కిలోన్నర ఉప్పు, రెండు మూడు యూనిట్ల కరెంటు. తయారయ్యే మందు నాలుగు బిందెల పైచిలుకు. ‘ఉప్పు వేస్తే నీళ్లు ఉప్పగా అయిపోవా?’ అని సభలో ఒకావిడ అడిగారు, ఎవరూ జవాబు చెప్పలేదు. చెబుతున్నానమ్మా, వేసిన ఉప్పు మొత్తం అలాగే మిగిలినా లీటరుకు 7 మిల్లీగ్రాములు. నాలుకకి తెలియదు. వేసవిలో మన బోర్లలో వచ్చే ఉప్పదనం ముందు అదెంత!

అయితే ఆ మిషన్ ఎందుకు కావాలి? బ్లీచింగ్ ఉందిగా? ఉంది. ఎలా ఉందో చూద్దురుగాని రండి. పోయిన శ్రావణంలో మా వీధిలో వరసగా ఏడిళ్లలో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మా మనవరాలికి రెండు రోజులు సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. మూడో రోజు నేను ట్యాంకు షెడ్డు దగ్గరికి వెళ్లాను. బ్లీచింగ్ బస్తా మూతి విప్పి గోడవార నేల మీద ఉంది, కింద చెమ్మ. చెయ్యి పెడితే పొడి లేదు, గడ్డలు. గుప్పెడు తీసి వాసన చూశాను. తాజా బ్లీచింగ్‌కి అంత దగ్గరగా ముక్కు పెడితే కళ్లల్లోంచి నీళ్లు రావాలి. నాకు సున్నం వాసన వచ్చింది. కొత్తప్పుడు మూడోవంతు క్లోరిన్ ఉండే సరుకు అది. మన కోనసీమ ఉక్కకీ, చెమ్మకీ అది ఊరుకోదు, గాలికి ఎగిరిపోతుంది. ట్యాంకు కుర్రాడు మాత్రం రోజూ అదే డబ్బాతో కొలిచి వేస్తున్నాడు. అతని తప్పేముంది? డబ్బా నిండింది, పని అయిపోయింది. అందులో మందు ఉందో సున్నమే ఉందో చెప్పే సాధనం అతనికి ఎవరూ ఇవ్వలేదు.

ఉప్పు చెడిపోదు. ఎన్నాళ్లున్నా ఉప్పే. ఏ రోజు మందు ఆ రోజు తాజాగా చేసుకోవచ్చు. ఆ ఒక్క కారణం చాలు ఈ మిషన్ మన లాంటి ఊరికి పనికొస్తుందని చెప్పడానికి. కాబట్టి కొనండి. కాదనను. కానీ ఆ రోజు చూపించిన కరపత్రంలో ఈ ఉప్పు మిషన్ కాక ఇంకో మూడు రకాలు ఉన్నాయి, అన్నీ ‘ఎలక్ట్రిక్ ట్రీట్‌మెంట్’ పేరుతోనే ఉన్నాయి. అక్కడ జాగ్రత్త.

ఒకటి అతినీలలోహిత కిరణాల దీపం, యూవీ అంటారు. తేట నీళ్లలో క్రిముల్ని బాగానే చంపుతుంది. దీపం కింద నుంచి దాటాక నీళ్లలో దాని ప్రభావం రవ్వంత కూడా మిగలదు. టిన్నుల్లో పట్టి అప్పుడే మూత బిగించేవాళ్లకి అది సరిపోతుంది. మన నీళ్లు ట్యాంకు దిగి, డ్రైను పక్కనుంచి, కొన్నిచోట్ల డ్రైనులోంచే పోయే గొట్టాల్లో కిలోమీటర్లు ప్రయాణం చెయ్యాలి. దారిలో మళ్లీ మురుగు కలిస్తే కాపాడేదేమీ ఉండదు. రెండోది ఓజోన్ వాయువు, దాని సంగతీ అంతే. మూడోది ఉప్పు వెయ్యకుండా నేరుగా సరఫరా నీళ్లలోనే రేకులు పెట్టి కరెంటు పంపేది. ‘ఉప్పు ఖర్చు కూడా లేదు’ అని అది బాగా ఊరిస్తుంది. నీళ్లలో సహజంగా ఉన్న క్లోరైడ్ మీద ఆధారపడి పనిచేస్తుంది కాబట్టి కాలువ నీళ్లు వచ్చే రోజుల్లో తక్కువ మందు పుడుతుంది. ఎండాకాలం బోరు నీళ్లు కలిపినప్పుడు ఎక్కువ పుడుతుంది. ఎప్పుడెంత అన్నది మన చేతుల్లో ఉండదు. పైగా సముద్రపు ఉప్పు తగిలిన నీళ్లలో బ్రోమైడ్ కూడా ఉంటుంది, దానికి కరెంటు తగిలితే మనకి అక్కర్లేని పదార్థాలు తయారవుతాయి. అందుకే ఉప్పు విడిగా కలిపి, మందు విడిగా చేసి, కొలిచి వేసే రకమే అడగండి. ఉప్పు కూడా కల్లుప్పు కాకుండా శుద్ధి చేసినది వాడాలి. కల్లుప్పులో ఉండే కాల్షియం, మెగ్నీషియం రేకుల మీద తెల్లగా గార కడతాయి. మా ల్యాబ్‌లో ఆ గార గోకి గోకి నా గోళ్లు అరిగిపోయాయి. పలచని ఆసిడ్‌తో కడిగితే పోతుందని ఒక లెక్చరరు గారు చెప్పేదాకా నాకూ తెలియదు.

ఇంకో మాట, ఇది ఇంజనీరు గారికి. 440 గ్రాముల క్లోరిన్ చేసినప్పుడు 150 లీటర్లకు తక్కువ కాకుండా హైడ్రోజన్ వాయువు కూడా వస్తుంది. గాలిలో నాలుగు శాతం చేరితే అంటుకునే వాయువు అది. ఆ షెడ్డుకి ఒకే కిటికీ, దానికీ అట్ట కొట్టి ఉంది. ట్యాంకు కుర్రాడు లోపలే బీడీ కాలుస్తాడు. మిషన్ గొట్టాన్ని కప్పు మీదుగా బయటికి తీయకుండా, వెంటిలేటరు పెట్టకుండా స్విచ్ వెయ్యనివ్వకండి.

ఇప్పుడు అసలు సంగతి. ఏ మందు వేసినా, ఎంత మంచి మిషన్ పెట్టినా, ముందు నీళ్ల మాట ఉంది. ధవళేశ్వరంలో బయల్దేరిన గోదావరి నీళ్లు మనదాకా వచ్చేసరికి ఎన్ని చేతులు మారతాయో మీకు చెప్పేదేముంది. కాటన్ దొర కాలంలోనే పి.గన్నవరం దగ్గర వైనతేయ మీద అక్విడెక్టు కట్టి ఈ దీవికి నీళ్లు తెచ్చారు. తెచ్చినవి తెచ్చినట్టే మనకి వస్తే ఈ ఉత్తరమే ఉండేది కాదు. దారిలో గేదెలు దిగుతాయి, బట్టలు ఉతుకుతారు, ఊళ్ల మురుగు కలుస్తుంది, చేపల చెరువుల నీళ్లు కలుస్తాయి. దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు కాబట్టి అంతకుముందే మంచినీళ్ల చెరువు నింపుకుని ఆ నీళ్లే జూన్ దాకా లాగుతాం. మే నెలకి చెరువు పచ్చగా మారుతుంది.

ఆ పచ్చ రంగుకీ క్లోరిన్‌కీ పడదు. బురద, నాచు, అమ్మోనియా ఉన్న నీళ్లలో వేసిన క్లోరిన్ ముందు వాటితోనే ఖర్చయిపోతుంది. క్రిములదాకా మిగలదు. నాచు ఎండలో నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చేస్తుంది, దాంతో మధ్యాహ్నానికి నీళ్ల క్షార గుణం (పీహెచ్) పెరుగుతుంది, అప్పుడు ఉన్న క్లోరిన్ కూడా మొద్దుబారిపోతుంది. వేసవిలో తెల్లారగట్ల నీళ్లు తోడితే ఈ బాధ కొంత తగ్గుతుంది. అంతకంటే ముఖ్యం ఇసక ఫిల్టరు. మన రెండు ఫిల్టరు బెడ్లలో ఒకటి నాకు తెలిసి రెండేళ్లుగా పనిచెయ్యడం లేదు, రెండోదాని మీద పైపొర గీకి ఎన్నాళ్లయిందో అక్కడ మొలిచిన తుంగని అడగాలి. బురద నీళ్లకి ఏ మిషన్ పెట్టినా ఉప్పూ కరెంటూ దండగ. పూర్వం మన ఆడవాళ్లు వరద రోజుల్లో ఎర్రనీళ్లు పట్టిన కుండ లోపల ఇండుప గింజ అరగదీసి, నీళ్లు తేరాకే వాడేవాళ్లు. వరస వాళ్లకి తెలుసు. ముందు తేర్చాలి, తర్వాతే మందు.

ఇక మా వీధి గోడు. వ్యవసాయం చేసేవాళ్లకి శివారు అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు. పైవాళ్ల చేలు మునుగుతుంటాయి, శివారు చేను నెర్రెలు తీస్తుంటుంది. క్లోరిన్‌కి కూడా శివారు ఉంటుందండీ. ట్యాంకు పక్క వీధివాళ్లు ‘నీళ్లు బ్లీచింగ్ కంపు కొడుతున్నాయి, కాఫీ తాగలేకపోతున్నాం’ అని కుర్రాడి మీద పడతారు. అతను మందు తగ్గిస్తాడు. అదే నీళ్లు గొట్టాల్లో నడిచి నడిచి మా వీధి చివరికొచ్చేసరికి క్లోరిన్ ఉండదు. శ్రావణంలో నేను కాలేజీ నుంచి నీళ్లలో క్లోరిన్ ఎంతుందో చూసే పాత క్లోరోస్కోపు అడిగి తెచ్చి చూశాను. క్లోరిన్ ఉంటే పసుపు తిరిగే ఓటీ (ఆర్థోటొలిడిన్) చుక్కలు ట్యాంకు దగ్గర నీళ్లలో వేస్తే నిమ్మపండు రంగు వచ్చింది. రామాలయం దగ్గర కుళాయిలో లేత పసుపు, తెల్ల కాగితం వెనక పెడితేగానీ కనబడలేదు. మా వీధి చివరి కుళాయిలో రంగే లేదు. పది చుక్కలు వేసినా నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. తాగునీటికి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కుళాయిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. వైరస్‌ల భయం ఉన్నప్పుడు 0.5 ఉండాలి. అది ట్యాంకులో చూసి రాసుకునే అంకె కాదు, జనం బిందె పట్టే చోట ఉండాల్సింది.

గొట్టాల్లో ఎక్కడ పోతోందో కూడా తెలుసు. నీళ్లు వదిలే గంటలో గొట్టం నిండుగా ఉంటుంది, కట్టేశాక ఖాళీ అవుతుంది, అప్పుడు చిల్లుల్లోంచి డ్రైను నీళ్లు లోపలికి లాక్కుంటుంది. దానికి తోడు కుళాయిలకి మోటార్లు బిగించుకున్నవాళ్లు. మా వీధిలోనే ముగ్గురున్నారు, పేర్లు రాయను, పొద్దున్నే కలుస్తాం. బాబూ, మీ మోటారు లాగేది పైవాళ్ల నీళ్లు మాత్రమే కాదు, పక్కనున్న మురుగు కూడా. మీ పిల్లలే ముందు తాగుతున్నారు.

సర్పంచ్ గారూ, మిషన్ కొనేటప్పుడు కాగితం మీద కొన్ని మాటలు రాయించుకోండి. రేకులు ఎన్నేళ్లు మన్నుతాయో, పోతే ఎంతకిస్తారో, రిపేరుకి మనిషి ఎన్ని రోజుల్లో వస్తాడో. కరెంటు లేని రోజుకి రెండు రోజుల మందు నీడలో నిలవ ఉంచే ట్యాంకు కూడా వాళ్లనే పెట్టమనండి. 1996 నవంబరు తుఫానులో స్తంభాలన్నీ పడిపోయి వారాల తరబడి చీకట్లో ఉన్నాం, మీకూ గుర్తుండే ఉంటుంది. అలాంటప్పటికి మూత బిగించిన డ్రమ్ములో తాజా బ్లీచింగ్ కూడా విడిగా ఉండాలి. మిషన్ వచ్చింది కదా అని అది మానెయ్యొద్దు. ట్యాంకు కుర్రాడికి నాలుగు నెలల జీతం బాకీ ఉందని విన్నాను. మిషన్‌కి అడ్వాన్సు ఇచ్చేముందు అది ఇచ్చెయ్యండి. రేకులు కడగాల్సిందీ, ఉప్పు కొలవాల్సిందీ అతనే.

ఈ మిషన్ చెయ్యలేనిది కూడా జనానికి చెప్పండి. బోరు నీళ్ల ఉప్పదనం పోదు. చేలల్లో కొట్టిన పురుగుమందు పోదు. టిన్ను నీళ్లకి పెట్టే ఖర్చు మర్నాటి నుంచే ఆగిపోతుందని ఎవరైనా అంటే నమ్మొద్దు.

నాది ఒకటే కోరిక. పంచాయతీ ఆఫీసు గోడకి ఒక నల్లబల్ల పెట్టించండి. దాని మీద రోజూ మూడు అంకెలు ఉండాలి. ట్యాంకు దగ్గర ఎంత, రామాలయం దగ్గర ఎంత, శివారు కుళాయిలో ఎంత. క్లోరిన్ పరీక్ష సామాను డీపీడీ రకం, అంటే క్లోరిన్ ఉంటే గులాబీ రంగు తిరిగేది, తెప్పించండి. ఓటీ ద్రవం ఒంటికి మంచిది కాదంటారు, అందులో అంకె కూడా అంత కచ్చితంగా తెలియదు. నెలకోసారి హెచ్‌టుఎస్ సీసాలో, అంటే నీళ్లలో మురుగు క్రిములుంటే నల్లబడే పరీక్ష సీసాలో, నీళ్లు పట్టి ఒకటి రెండు రోజులు ఉంచి, నల్లబడిందో లేదో అది కూడా రాయాలి. శివారు అంకె సున్నా వచ్చిన రోజు సున్నా అనే రాయాలి, ఎవరినీ తిట్టకూడదు. తిడితే మర్నాటి నుంచి 0.2 అని ఇంట్లో కూర్చునే రాస్తారు. 31 ఏళ్లు ప్రాక్టికల్ రికార్డులు చూసినవాణ్ణి, ఆ సంగతి నాకు బాగా తెలుసు.

ఆ అంకెలు రాసే పని నాకు ఇవ్వండి. జీతం అక్కర్లేదు. పాల కేంద్రానికి రోజూ ఆరింటికి నడుస్తాను, ట్యాంకూ రామాలయమూ ఆ దారిలోనే. శివారు కుళాయి మా గుమ్మం ఎదురుగానే ఉంది.

ఇట్లు,
మీ ఊరి శివారు వీధి నుంచి
రిటైర్డ్ ల్యాబ్ అటెండరు